జంటలో ఒక ఫోటాన్ ఆగాలి: స్ఫటికంలో క్వాంటం మెమరీ

(తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీ సెమినార్ హాల్లో ఫిజిక్స్ విద్యార్థులకు, బయటి నుంచి వచ్చిన ఆసక్తిపరులకు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తప్ప పెద్దగా ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినిపిస్తోందా? మైకు సరిగ్గా ఫ్యాను కింద పెట్టారు, గాలి శబ్దమే ఎక్కువొస్తోంది. ఆ ఒక్క ఫ్యాను ఆపండి నాయనా. కాస్త ఉక్క పోసినా ఏం కాదు, ఈరోజు మనం మాట్లాడుకునేదంతా మైనస్ 270 డిగ్రీల దగ్గర జరిగే పనుల గురించే.

ముందు ఒక లెక్క చేద్దాం. కాగితం పెన్ను ఉన్నవాళ్ళు తీయండి. తిరుపతి నుంచి చిత్తూరు ఎంత దూరం? డెబ్బై కిలోమీటర్లు, కొంచెం అటూ ఇటూగా. 2022లో జిల్లాలు వేరయ్యాయి గానీ దూరం మారలేదు కదా! అంత పొడవున ఆప్టికల్ ఫైబర్ వేశామనుకోండి. ఫైబర్‌లో వెలుగు అన్నిటికంటే తక్కువ నష్టంతో పోయేది 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర. అక్కడ కూడా కిలోమీటరుకు 0.2 డెసిబెల్ పోతుంది. డెసిబెల్ అంటే నష్టం కొలిచే లెక్క, ప్రతి 10 డెసిబెల్‌కు పదో వంతే మిగులుతుంది. డెబ్బై కిలోమీటర్లకు 14 డెసిబెల్. అంటే ఎంతమ్మా? ఇక్కడ వంద ఫోటాన్లు, అంటే వెలుగు కణాలు, వదిలితే అక్కడికి చేరేవి నాలుగు.

నాలుగైనా చేరాయి కదా అంటారా? సరే, హైదరాబాద్ దాకా పోదాం. 560 కిలోమీటర్లు అనుకుంటే 112 డెసిబెల్. ఇక్కడ సెకనుకు వంద కోట్ల ఫోటాన్లు పంపినా, అక్కడ రెండున్నర నిమిషాలకు ఒక్కటి కనపడుతుంది. వెయ్యి కిలోమీటర్లకు చూడండి. 200 డెసిబెల్, అంటే పది టు ది పవర్ మైనస్ ఇరవై. సెకనుకు అదే వంద కోట్లు పంపుతుంటే ఒక్క ఫోటాన్ చేరడానికి మూడు వేల ఏళ్ళకు పైగా పడుతుంది. లెక్క నేను చెప్పానని నమ్మొద్దు, మీరే చేసి చూడండి.

మరి మన ఫోన్లు ఎలా పనిచేస్తున్నాయి? మామూలు ఇంటర్నెట్‌లో ఒక్కో బిట్‌కు బోలెడు ఫోటాన్లు పోతాయి. దారిలో నీరసించినప్పుడు ఆంప్లిఫయర్ పెట్టి పెంచుతారు. ఒకటి పదవుతుంది, పది వందవుతాయి, మళ్ళీ ముందుకు. కానీ ఒంటరి ఫోటాన్‌లో క్వాంటం స్థితిని పంపేటప్పుడు ఈ పని కుదరదు. ఇంజినీర్లకు చేతగాక కాదు, ప్రకృతి ఒప్పుకోదు. పెంచడమంటే నకళ్ళు తీయడమే కదా. తెలియని క్వాంటం స్థితికి అచ్చంగా అలాంటిదే ఇంకో నకలు తీయలేమని 1982లో వూటర్స్, జూరెక్ కలిసి, డీక్స్ విడిగా నిరూపించారు. నిరూపణ చాలా చిన్నది. ఫైనలియర్ వాళ్ళు బోర్డు మీద పది నిమిషాల్లో చేయొచ్చు, చేయండి. ఎంత చిన్నదో చూస్తే ఆశ్చర్యపోతారు.

కాబట్టి మన సమస్య ఇది. ఫోటాన్ దారిలో పోతుంది, దాన్ని పెంచడానికి వీల్లేదు. ఏం చేయాలి?

ఇక్కడ ఎంటాంగిల్‌మెంట్ వస్తుంది. మీలో చాలామందికి తెలుసు కాబట్టి గబగబా చెప్పేస్తాను. రెండు ఫోటాన్లు ఒకే ఉమ్మడి స్థితిలో పుడతాయి. విడివిడిగా చూస్తే ఏ ఒక్కదానికీ సొంత స్థితి అంటూ ఉండదు, రెండింటికీ కలిపితేనే ఉంటుంది. 1935లో ఐన్‌స్టీన్, మరో ఇద్దరు దీన్ని లోపంగా చూపించారు, అదే ఏడాది ష్రోడింగర్ దీనికి పేరు పెట్టాడు. 1964లో జాన్ బెల్ ఈ బంధం నిజంగా ఉందో లేదో కొలిచి తేల్చే ఒక షరతు ఇచ్చాడు. ఆ కొలతల మీద పనిచేసిన ఆస్పే, క్లౌజర్, జైలింగర్‌లకు 2022లో నోబెల్ వచ్చింది. ఒక్క మాట మాత్రం నొక్కి చెప్పాలి. వెలుగు కంటే వేగంగా కబురు పంపడానికి ఇది పనికిరాదు. పనికిరాదు! టీవీలో ఎవరు ఏం చెప్పినా సరే.

ఇప్పుడు అసలు ఉపాయం. 1998లో బ్రీగెల్, డ్యూర్, సిరాక్, జోలర్ అనే నలుగురు చెప్పారు. పెద్ద దూరాన్ని ముక్కలు చేయండి. ప్రతి ముక్కలో రెండు చివరల మధ్య ఎంటాంగిల్‌మెంట్ విడిగా ఏర్పరచండి. తర్వాత పక్కపక్క ముక్కలు కలిసే చోట ఒక ఉమ్మడి కొలత చేయండి. ఆ కొలతతో దూరంగా ఉన్న రెండు చివరలు ఎంటాంగిల్ అవుతాయి, అవి ఒకదాన్నొకటి ఎప్పుడూ చూసి ఉండకపోయినా. దీన్నే క్వాంటం రిపీటర్ అంటున్నాం.

వినడానికి బాగుంది. కానీ మెమరీ, అంటే ఫోటాన్‌ను స్థితి చెడకుండా ఆపి దాచే పరికరం, లేకపోతే ఇది ఎందుకూ పనికిరాదు. ఎందుకో చూడండి, నా మొత్తం ప్రసంగానికి గుండెకాయ ఇదే. చిత్తూరు నుంచి తిరుపతి మీదుగా నెల్లూరు పోవాలి. కేబుల్ చుట్టు తిరిగి వస్తుంది కాబట్టి రెండు ముక్కలూ చెరో వంద కిలోమీటర్లు అనుకుందాం. వంద కిలోమీటర్లకు 20 డెసిబెల్, అంటే వందసార్లు ప్రయత్నిస్తే ఒకసారి ఫలిస్తుంది. తిరుపతిలో మెమరీ లేకపోతే, చిత్తూరు ముక్క, నెల్లూరు ముక్క రెండూ ఒకే ప్రయత్నంలో ఫలించాలి. వందలో ఒకటి, మళ్ళీ అందులో వందలో ఒకటి. పది వేలకు ఒకసారి. అంటే ముక్కలు చేసి మనం సాధించింది ఏమీ లేదు, మొత్తం రెండు వందల కిలోమీటర్లకూ అదే లెక్క వస్తుంది!

మెమరీ ఉంటే? చిత్తూరు వైపు ముందు ఫలించిందనుకోండి. ఆ ఫోటాన్‌ను తిరుపతిలో ఆపి పెడతాం. నెల్లూరు వైపు ప్రయత్నిస్తూ పోతాం. అటు కూడా ఫలించాక రెండూ కలుపుతాం. సగటున నూటయాభై ప్రయత్నాల్లో పని అయిపోతుంది. పది వేలు ఎక్కడ, నూటయాభై ఎక్కడ? ముక్కలు పెరిగేకొద్దీ ఈ తేడా ఇంకా ఘోరంగా పెరుగుతుంది. అర్థమైందా? అర్థం కాకపోతే ఇక్కడే ఆపండి, ఇది దాటి ముందుకు పోతే ఉపయోగం లేదు.

సరే. ఫోటాన్‌ను ఆపడం ఎలా? డిటెక్టర్‌తో పట్టుకుంటే స్థితి పోతుంది. చూడకుండా పట్టుకోవాలి, చూడకుండా వదలాలి. పరమాణు వాయువుల్లో చేసినవాళ్ళున్నారు, ఒక్క పరమాణువును బంధించి చేసినవాళ్ళూ ఉన్నారు. నేను ఈరోజు ఘనపదార్థాల దగ్గరే ఉంటాను, అందులోనూ రేర్ ఎర్త్ మూలకాలు కలిపిన స్ఫటికాల దగ్గర. నియోడిమియం, ప్రాసియోడిమియం, యూరోపియం, ఎర్బియం, థూలియం. పేర్లు చూసి భయపడకండి. మన కోస్తా బీచ్ ఇసుకలో మోనజైట్ ఉంటుంది చూశారా, నియోడిమియం అందులోంచే వస్తుంది.

ఇవే ఎందుకు? ఈ అయాన్లలో, అంటే కొన్ని ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న పరమాణువుల్లో, వెలుగుతో పనిచేసే ఎలక్ట్రాన్లు 4ఎఫ్ కక్ష్యలో ఉంటాయి. వాటి బయట 5ఎస్, 5పి కక్ష్యలు నిండుగా ఉండి చుట్టూ అడ్డుగా నిలబడతాయి. అందుకే స్ఫటికం లోపల ఉన్నా పక్కవాళ్ళ గొడవ వీటికి పెద్దగా తగలదు. ఘనపదార్థంలో ఉంటూ ఒంటరి పరమాణువులా ప్రవర్తించే అవకాశం వీటికి ఉంది. అయితే స్ఫటికం కదలకూడదు. వేడి ఉంటే జాలకం కంపిస్తుంది, ఆ కంపనానికి ఫేజ్, అంటే అయాన్ల తరంగాల లయ, చెడిపోతుంది. అందుకే మూడు కెల్విన్ ప్రాంతానికి చల్లబరచాలి. ఇందాక చెప్పిన మైనస్ 270 అదే.

ఇంకో ఇబ్బంది ఉంది, అదే చివరికి వరమైంది. స్ఫటికంలో ఏ రెండు అయాన్ల పరిసరాలూ అచ్చంగా ఒకలా ఉండవు. ఎక్కడో కాస్త ఒత్తిడి, ఎక్కడో కాస్త లోపం. అందుకని ఒక్కొక్కటి కొద్దికొద్దిగా తేడా ఉన్న ఫ్రీక్వెన్సీని మింగుతుంది. ఫోటాన్ వచ్చి పడితే ఏ అయాన్ మింగింది? అలా అడగడానికి వీల్లేదమ్మా. కోట్లాది అయాన్లు కలిసి ఉమ్మడిగా మింగుతాయి. ఎవరు మింగారో ఆనవాలు మిగిలిందంటే క్వాంటం స్థితి పోయినట్టే. అయితే మింగిన మరుక్షణం నుంచి ఒక్కొక్కరి ఫేజ్ ఒక్కో వేగంతో తిరుగుతుంది. అందరూ చెదిరిపోతారు. చెదిరితే ఫోటాన్ బయటికి రాదు.

దీనికి 2009లో జెనీవా వాళ్ళు, అఫ్జీలియస్, సైమన్, డి రీడ్‌మాటెన్, గిసాన్, ఒక పద్ధతి రాశారు. అటామిక్ ఫ్రీక్వెన్సీ కోంబ్, అంటే అయాన్లతో చేసిన ఫ్రీక్వెన్సీ దువ్వెన. తిరుపతిలో ఉన్నాం కాబట్టి ఇలా చెప్తాను. తిరుమల మాడవీధుల్లో మహాద్వారం ముందు నుంచి కొన్ని వందలమంది ఒకేసారి ప్రదక్షిణం మొదలుపెట్టారు. కొందరు గంటకు సరిగ్గా ఒక చుట్టు, కొందరు రెండు, కొందరు మూడు. పది నిమిషాలకే ఎవరెక్కడున్నారో తెలీదు. కానీ గంట నిండేసరికి? అందరూ మహాద్వారం ముందే ఉంటారు! గంటకు ఒకటిన్నర చుట్టు నడిచే ఆయన మాత్రం ఆ సమయానికి గుడి వెనక ఉంటాడు. కాబట్టి ఒకటిన్నర వాళ్ళను, ఒకటింబావు వాళ్ళను ముందే పక్కకు తప్పించాలి.

సరిగ్గా ఆ పనే చేస్తారు. ఫోటాన్ రాకముందే లేజర్‌తో స్ఫటికాన్ని సిద్ధం చేస్తారు. అక్కరలేని ఫ్రీక్వెన్సీల దగ్గరున్న అయాన్లను ఇంకో కింది శక్తి స్థాయికి నెట్టేస్తారు. అవి కాసేపు అక్కడే ఉండిపోతాయి. మిగిలినవి దువ్వెన పళ్ళలా సమాన దూరాల్లో ఉంటాయి. పళ్ళ మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్ అయితే, దాని తలకిందులు, 200 నానోసెకన్లకు ఫేజులన్నీ మళ్ళీ కలుస్తాయి. కలిసిన క్షణంలో ఫోటాన్ బయటికి వస్తుంది. ఎవరూ చూడలేదు, ఎవరూ కొలవలేదు, లోపలికి పోయిన స్థితే బయటికి వచ్చింది.

ఎంటాంగిల్ అయిన ఫోటాన్‌తో ఇది చేసి చూపించింది 2011 జనవరిలో. నేచర్ పత్రికలో రెండు పేపర్లు పక్కపక్కనే వచ్చాయి. ఒకటి జెనీవాది, నియోడిమియం కలిపిన ఇట్రియం సిలికేట్ స్ఫటికం. రెండోది కెనడాలోని కాల్గరీలో టిటెల్ బృందానిది, థూలియం కలిపిన లిథియం నయోబేట్ వేవ్‌గైడ్, అంటే వెలుగును సన్నటి దారిలో నడిపే స్ఫటికం. జెనీవా వాళ్ళు 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్‌ను ఇంకో రకం స్ఫటికంలోకి పంపారు. అందులో ఎప్పుడో ఒక ఫోటాన్ రెండుగా విడిపోతుంది. ఒకటి 883 నానోమీటర్లు, రెండోది 1338. లెక్క సరిపోయిందా చూడండి, విలోమాలు కూడితే 532 విలోమం రావాలి, శక్తి ఎక్కడికీ పోదు కదా. 883 నియోడిమియానికి నప్పుతుంది, అది మెమరీలోకి. 1338 ఫైబర్‌కు నప్పుతుంది, అది దూరప్రయాణానికి. ఒకే జంటలో ఒకరు ఇంట్లో ఉండేవారు, ఒకరు ఊళ్ళు తిరిగేవారు. ఈ ఏర్పాటు నాకు భలే నచ్చుతుంది.

ఆ రెండు ఫోటాన్లు దేంట్లో ఎంటాంగిల్ అయ్యాయి? పుట్టిన సమయంలో. ఎప్పుడు పుట్టాయో ఎవరికీ తెలీదు, తెలియకూడదు కూడా. కానీ రెండూ ఒకే క్షణంలో పుట్టాయన్నది ఖాయం. 883 ఫోటాన్ స్ఫటికంలో ఆగి వచ్చాక కూడా ఈ బంధం ఉందా? బెల్ షరతు పెట్టి చూశారు. మామూలు ప్రపంచంలో ఆ కొలతల నుంచి వచ్చే సంఖ్య 2 దాటకూడదు. క్వాంటం లెక్కలో 2.83 దాకా పోవచ్చు. మెమరీలోంచి వచ్చాక కూడా 2 దాటింది. స్ఫటికంలో అన్ని కోట్ల అయాన్ల మధ్య తిరిగొచ్చినా బంధం తెగలేదు.

నన్నడిగితే అందులో అసలు చాకిరీ వేరే ఉంది, పత్రికల్లో ఎవరూ రాయరు. జంట ఫోటాన్లు పుట్టేటప్పుడు వాటి ఫ్రీక్వెన్సీ వెడల్పు చాలా ఎక్కువ. స్ఫటికం మింగగలిగే పట్టీ దానితో పోలిస్తే చాలా సన్నం. ఫోటాన్లను వడపోసి వడపోసి సన్నం చేయాలి. వడపోతలో చాలా భాగం పోతుంది, ఉన్నది జాగ్రత్తగా కాపాడుకోవాలి. కాల్గరీ వాళ్ళు ఇంకోవైపు నుంచి వచ్చారు. ఫోటాన్‌ను సన్నం చేసే బదులు మెమరీ పట్టీనే 5 గిగాహెర్ట్జ్ దాకా వెడల్పు చేశారు. కానీ ఆపగలిగింది 7 నానోసెకన్లే. 7 నానోసెకన్లలో వెలుగు ఫైబర్‌లో ఎంత దూరం పోతుంది? మీటరున్నర కూడా కాదు. నవ్వొస్తుంది కదా! నవ్వండి, కానీ అది 2011.

అక్కడి నుంచి ఏం జరిగింది? ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినండి, వార్తలు గందరగోళం చేసేది ఇక్కడే. 2015లో ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ వాళ్ళు యూరోపియం స్ఫటికంలో ఆరు గంటల కోహెరెన్స్, అంటే క్వాంటం స్థితి చెదరకుండా నిలవడం, చూపించారు. ఆరు గంటలు! కానీ అది అయాన్ కేంద్రకపు స్పిన్‌కు సంబంధించిన కొలత. అక్కడ ఫోటాన్‌ను ఆరు గంటలు ఆపలేదు. 2021లో చైనాలో హెఫీ వాళ్ళు వెలుగును ఒక గంట ఆపి వెనక్కి తీశారు. గొప్ప పనే. కానీ అది మామూలు లేజర్ వెలుగు, ఒంటరి ఫోటాన్ కాదు, ఎంటాంగిల్ అయినదీ కాదు. ఇక 2010లో ఆస్ట్రేలియా వాళ్ళదే 69 శాతం సామర్థ్యం, అంటే లోపలికి పంపిన వెలుగులో అంత వెనక్కి వచ్చింది, అదీ లేజర్ వెలుగుతోనే. ఒకరిది కాలం, ఒకరిది సామర్థ్యం, ఒకరిది ఎంటాంగిల్‌మెంట్. మూడూ ఒకేచోట ఉన్న మెమరీ వచ్చిందని ఎవరైనా మీకు చెప్తే ఆ పేపర్ తెచ్చి నాకు చూపించమని అడగండి.

ఎంటాంగిల్‌మెంట్ వైపు నాకు పెద్ద అడుగుగా కనిపించేది 2021 జూన్. మళ్ళీ నేచర్, మళ్ళీ రెండు పేపర్లు. బార్సిలోనా దగ్గర ఐసీఎఫ్‌ఓ అనే సంస్థలో, 10 మీటర్ల దూరంలో ఉన్న రెండు ప్రాసియోడిమియం స్ఫటికాలను ఎంటాంగిల్ చేశారు. హెఫీలో మూడున్నర మీటర్ల దూరంలో ఉన్న రెండు నియోడిమియం స్ఫటికాలను. ఫలించిందని కబురు వచ్చాక కూడా ఎంటాంగిల్‌మెంట్ మెమరీలో నిలిచి ఉంటుంది. రిపీటర్‌కు కావలసింది సరిగ్గా ఇదే. బార్సిలోనా వాళ్ళది 25 మైక్రోసెకన్ల దాకా ఆగింది.

25 మైక్రోసెకన్లు సరిపోతాయా? మన నెల్లూరు లెక్కకు రండి. వంద కిలోమీటర్ల ఫైబర్‌లో వెలుగు పోవడానికి 500 మైక్రోసెకన్లు. చేరిందా లేదా అన్న కబురు వెనక్కి రావడానికి ఇంకో 500. అంటే ఒక్క ప్రయత్నానికే ఒక మిల్లీసెకను. ఒక వైపు ఫలించాక రెండో వైపు కోసం సగటున వంద ప్రయత్నాలు చేయాలి. అంటే మెమరీ పదో వంతు సెకను ఆగాలి. 25 మైక్రోసెకన్లకూ దానికీ నాలుగు వేల రెట్ల తేడా. అందుకే గంటలు గంటలు అక్కరలేదు, పదో వంతు సెకను చాలు. అదీ ఎంటాంగిల్ అయిన ఒంటరి ఫోటాన్‌తో, మంచి సామర్థ్యంతో.

దీన్ని తగ్గించే దారి కూడా ఉంది. దువ్వెన పద్ధతిలో ఒకదాని వెనక ఒకటి వచ్చే చాలా ఫోటాన్లను ఒకే స్ఫటికంలో దాచొచ్చు. వచ్చిన వరసలోనే బయటికి వస్తాయి. బార్సిలోనా ప్రయోగంలో ఇలాంటి 62 కాలపు గదులు వాడారు. ఒక్కో మిల్లీసెకనుకు ఒక్క ప్రయత్నం బదులు 62 చేస్తే, వంద ప్రయత్నాలు రెండు మిల్లీసెకన్లలో అయిపోతాయి. పదో వంతు సెకను కాస్తా రెండు మిల్లీసెకన్లయింది. ఘనపదార్థం వైపు నేను మొగ్గు చూపేది ఈ ఒక్క కారణానికే. ఎక్కువసేపు ఆపడం కంటే ఎక్కువమందిని ఆపడమే ముందు ఫలిస్తుందని నా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్ళు చాలామంది ఉన్నారు.

ప్రశ్నలు

(అమరావతి క్వాంటం వ్యాలీలో జరిగేది ఇదేనా అని ఒక విద్యార్థిని అడిగింది.)

అక్కడ ఎక్కువగా వినపడేది క్వాంటం కంప్యూటర్ గురించమ్మా. ఇది దానికి పక్కింటి విషయం. రెండు క్వాంటం కంప్యూటర్లను దూరం నుంచి కలపాలంటే ఇది కావాలి. 2023 ఏప్రిల్‌లో కేంద్రం ఒప్పుకున్న నేషనల్ క్వాంటం మిషన్ ఉంది, 6,003.65 కోట్లు. దాని లక్ష్యాల్లో క్వాంటం మెమరీలతో కూడిన నెట్‌వర్క్ కూడా రాసుకున్నారు. కమ్యూనికేషన్ విభాగానికి కేంద్రం మద్రాస్ ఐఐటీ, అంటే మనకు బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరే దూరం.

(ఎప్పుడు కావాలంటే అప్పుడు ఫోటాన్‌ను బయటికి తీయొచ్చా అని ఇంకొకరు అడిగారు.)

మంచి ప్రశ్న. ఉత్త దువ్వెన అయితే తీయలేం. పళ్ళ దూరం ముందే కోసేశాం, ఆ సమయానికే వస్తుంది. కావలసినప్పుడు తీయాలంటే మధ్యలో ఇంకో లేజర్ పల్స్ వేసి ఆ ఉద్దీపనను, అంటే అయాన్లు మింగిన శక్తిని, స్పిన్ స్థాయికి మార్చాలి. అక్కడ ఫేజ్ చెదరడం ఆగుతుంది. రెండో పల్స్ వేసినప్పుడు మళ్ళీ నడక మొదలవుతుంది. కష్టం ఏమిటంటే ఆ పల్స్‌లో కోట్ల ఫోటాన్లుంటాయి, మనకు కావలసింది ఒక్కటి. ఆ వెలుతురులోంచి ఈ ఒక్కదాన్ని ఏరడమే టెన్షన్ అంతా.

(చివరగా, ఇంత ఖర్చు ఎందుకు, పొడవాటి ఫైబర్ చుట్ట పెట్టి ఫోటాన్‌ను అందులో తిప్పితే చాలదా అని ముందు వరుసలో ఒక పెద్దాయన అడిగారు.)

సార్, నేను ఎదురుచూస్తున్న ప్రశ్న ఇది. 25 మైక్రోసెకన్లకైతే మీరన్నదే నిజం. 5 కిలోమీటర్ల ఫైబర్ చుట్ట చాలు. 1550 నానోమీటర్ల ఫోటాన్ అయితే ఒక్క డెసిబెల్ పోతుంది, వందకు డెబ్బైతొమ్మిది బతికి బయటికొస్తాయి. చాలా స్ఫటికాల కంటే మెరుగు, చల్లబరచాల్సిన పని లేదు. ఈరోజుకు చుట్టే గెలుస్తుంది, మొహమాటం లేకుండా ఒప్పుకోవాలి. కానీ పదో వంతు సెకను ఆపండి చూద్దాం. 20,000 కిలోమీటర్ల చుట్ట కావాలి, నష్టం 4,000 డెసిబెల్. ఫైబర్‌ను ఎంత మెరుగుపరచినా ఆ అంకె మనకు లొంగదు. స్ఫటికానికి అలాంటి గోడ లేదు, ఆరు గంటల స్పిన్ ఉందని చూశాం కదా. ఇంకోటి, చుట్టలోకి పంపాక అది చివరికి వచ్చినప్పుడే బయటికి వస్తుంది. నెల్లూరు నుంచి కబురు ఎప్పుడొస్తుందో ముందే తెలీదు కాబట్టి, చుట్ట ఎంత పొడవు పెట్టాలో మీరైనా ఎలా చెప్పగలరు సార్?